పెట్టె మార్చినా పోని చిటపట

ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చొని పాట రికార్డు చేసేవారి మధ్య బలంగా నాటుకుపోయిన అభిప్రాయం ఒకటి ఉంది. రికార్డింగులో చిటపటలు వినిపించినా, గుయ్యిమనే రొద చేరినా, పాట మధ్యలో గొంతు తెగిపోయినా, లోపం మైకుకూ కంప్యూటరుకూ నడుమ ఉండే యూఎస్‌బీ ఆడియో ఇంటర్ఫేసుదేననీ, అది చౌకరకం కావడమే కారణమనీ, దానికి మూడింతల ధర పెట్టి మరొకటి కొంటే అన్నీ సర్దుకుంటాయనీ ఈ అభిప్రాయం సారాంశం. సోలాపూర్ తూర్పు భాగంలోని మరమగ్గాల పేటకు వచ్చేసరికి దీనికి ఇంకొక మాట తోడవుతుంది: పగలూ రాత్రీ మగ్గాలు ఆడే చోట మంచి రికార్డింగు ఎలాగూ రాదు కనుక, పాడదలచినవారు పుణేకో హైదరాబాదుకో వెళ్లి స్టూడియో అద్దెకు తీసుకోవడమే దారి అని. మొదటి మాట యంత్రం పనిచేసే తీరును గమనించకపోవడం వల్ల పుట్టింది. రెండోది శబ్దం ప్రయాణించే తీరును గమనించకపోవడం వల్ల పుట్టింది. రెండింటిలో ఏదీ పరీక్షకు నిలవదు.

ఈ ఖండన అవసరం ఎందుకు కలిగిందో ముందు చెప్పాలి. తెలంగాణ పల్లెల నుంచి తరతరాలుగా వలస వచ్చి సోలాపూర్‌లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు చద్దర్లు, టెర్రీ తువ్వాళ్లు నేస్తూ, ఇళ్లలో స్త్రీలు బీడీలు చుడుతూ, మరాఠీ, కన్నడం మధ్య తమ తెలుగును నిలుపుకున్నాయి. ఆ తెలుగు పలుకుబడి, పెళ్లిళ్లలో ముసలమ్మలు పాడే పాటలు, నారళీ పౌర్ణమినాటి మార్కండేయ రథోత్సవానికి సంబంధించిన భజనలు ఏ స్టూడియోకూ నడిచి వెళ్లవు. తెలంగాణలో కూనపులి వారు పటం పట్టుకొని పద్మశాలీల కులపురాణం చెప్పే సంప్రదాయాన్ని గురించి పరిశోధకులు పుస్తకాలు రాశారు. వలస వచ్చిన పేటల్లోని గొంతుల సంగతి అలా కాదు, వాటిని ఇంటివారే పట్టుకోవాలి, ఇంట్లోనే పట్టుకోవాలి. డెబ్బై ఏళ్ల అమ్మమ్మను రైలెక్కించి హైదరాబాదు స్టూడియోలో అద్దాల గదిలో నిలబెట్టి పెళ్లిపాట పాడమంటే ఆమె గొంతు పెగలదు. కనుక ఇంటి రికార్డింగు సాధ్యం కాదనే మాటను ఊరికే వదిలేస్తే, ఆ గొంతులను వదిలేసినట్టే.

ఇంటర్ఫేసు అనే చిన్న పెట్టెలో జరిగే పని మూడు భాగాలు. మైకు నుంచి వచ్చే అతి బలహీనమైన విద్యుత్తును ప్రీఆంప్ అనే వర్ధకం పెంచుతుంది. పెరిగిన విద్యుత్తును ఒక మార్పిడి చిప్పు సెకనుకు 44,100 సార్లో 48,000 సార్లో కొలిచి అంకెలుగా మారుస్తుంది, ఆ ఒక్కొక్క కొలతను నమూనా అంటారు. ఆ నమూనాలను యూఎస్‌బీ తీగ కంప్యూటరుకు మోస్తుంది. చౌక పెట్టెలో ప్రీఆంప్ సొంత రొద ఎక్కువనేది ప్రచారంలో ఉన్న మొదటి ఆరోపణ. భౌతికశాస్త్రం ఇక్కడ ఒక గట్టి హద్దు గీస్తుంది. 150 ఓముల నిరోధం ఉన్న మైకులో కేవలం గది వేడిమి వల్ల పుట్టే రొదే, వినికిడి పరిధి అంతటా కలిపి, సుమారు మైనస్ 131 డిబియు (విద్యుత్ సంకేతపు స్థాయిని డెసిబెళ్లలో చెప్పే కొలమానం). ప్రపంచంలో ఎంత ధర పెట్టినా ఏ ప్రీఆంపూ ఆ మైకుతో అంతకంటే నిశ్శబ్దంగా ఉండలేదు. ఈనాటి సాధారణ ఇంటర్ఫేసులకు తయారీదారులు ప్రకటించే సంఖ్య మైనస్ 127, 128 ప్రాంతంలో ఉంటుంది. కొలిచే పద్ధతుల్లో తేడాలను లెక్కలోకి తీసుకున్నా, ప్రకృతి హద్దుకూ చౌక పెట్టెకూ మధ్య మిగిలేది ఐదారు డెసిబెళ్లు. ఫ్యాను తిరిగే గదిలో, వీధి వైపు కిటికీ తెరిచి ఉన్న గదిలో ఆ ఐదారు డెసిబెళ్లను చెవి పట్టలేదు. మూడింతల ధర కొన్నది ఆ తేడాను మాత్రమే, అదీ పూర్తిగా కాదు.

చిటపటల సంగతి దీనికి పూర్తిగా భిన్నమైనది, అసలు గందరగోళమంతా ఇక్కడే ఉంది. యూఎస్‌బీ తీగ మీద సమాచారం ఒకే విధంగా ప్రయాణించదు. పెన్‌డ్రైవులోకి ఫైలు ఎక్కించేటప్పుడు ఒక ముక్క చెడిపోతే కంప్యూటరు దాన్ని మళ్లీ పంపుతుంది. ఆలస్యమైనా ఫైలు సరిగానే చేరుతుంది. ధ్వనిని మోసే పద్ధతిని ఐసోక్రోనస్ అంటారు, అంటే సమాన కాలాల్లో తప్పక బయలుదేరేది అని అర్థం. ఇందులో ప్రతి మిల్లీసెకనుకూ, వేగవంతమైన రకంలో మిల్లీసెకనులో ఎనిమిదో వంతుకూ, ఒక పొట్లం కదలాలి, చెడిపోయిన పొట్లాన్ని మళ్లీ పంపే ఏర్పాటు మాత్రం లేదు. 44,100 రేటులో మిల్లీసెకనుకు 44 నమూనాలే పడతాయి, మిగులు తీరడానికి ప్రతి పదో పొట్లంలో 45 వెళతాయి. ఇంత కచ్చితమైన లెక్కలో ఒక పొట్లం పోతే ఆ చోటు ఖాళీగా ఉండిపోతుంది, ఆ ఖాళీయే చెవికి చిటపటగా వినిపిస్తుంది. నేత తెలిసినవారికి ఈ తేడా ఇట్టే అర్థమవుతుంది. పేక తెగితే మరమగ్గం మీద దాన్ని కనిపెట్టే ఫోర్కు వెంటనే మగ్గాన్ని ఆపుతుంది, పోగు కలిపాకే మళ్లీ నడుస్తుంది. ఐసోక్రోనస్ పద్ధతి ఆ ఫోర్కు లేని మగ్గం వంటిది. పేక లేకపోయినా గుడ్డ ముందుకు నడుస్తూనే ఉంటుంది, లోపం గుడ్డ మడత విప్పి చూసినప్పుడే తెలుస్తుంది. అందుకే "ఇదే తీగతో పెన్‌డ్రైవు, ప్రింటరు బాగానే పనిచేస్తున్నాయి, కాబట్టి పెట్టెదే తప్పు" అనే వాదన చెల్లదు. వదులైన పిన్నుల తీగ ఫైలును ఆలస్యంగానైనా సురక్షితంగా చేరుస్తుంది, అదే తీగ పాటకు చిల్లులు పొడుస్తుంది.

తీగకు సామర్థ్యం చాలదనే మాట కూడా తరచుగా వినిపిస్తుంది. 24 బిట్ల లోతుతో, 48,000 రేటుతో రెండు చానెళ్ల ధ్వనికి కావలసింది సెకనుకు 23 లక్షల బిట్లు. 1996 నాటి మొదటి యూఎస్‌బీయే సెకనుకు 1 కోటి 20 లక్షల బిట్లు మోయగలదు, రెండో తరం 48 కోట్లు మోస్తుంది. ఒక గొంతు, ఒక హార్మోనియం రికార్డు చేసేవారికి సామర్థ్యపు కొరత అనే ప్రశ్నే తలెత్తదు.

మరి పొట్లాలు ఎక్కడ పోతున్నాయి? చాలాసార్లు తీగ మీద కూడా కాదు, కంప్యూటరు లోపల. రికార్డింగు సాఫ్ట్‌వేరు నమూనాలను ఒక్కొక్కటిగా తీసుకోదు, గంపగుత్తగా తీసుకుంటుంది. ఆ గంపను బఫరు అంటారు. ఇంట్లో ఒక ముసలామె రాట్నం మీద కండెలు చుడుతుండగా పక్కన మగ్గం నడుస్తున్నదనుకుంటే, ఒక్కో కండెనే చుట్టి అందించే పద్ధతిలో ఆమె లేచి మంచినీళ్లు తాగేలోపు మగ్గం ఆగిపోతుంది. ముందుగానే గంపెడు కండెలు చుట్టి పెడితే ఆమెకు తీరిక దొరుకుతుంది, కానీ రంగు మార్చమని చెప్పిన మాట గంపలోని పాత రంగు అయిపోయాకే గుడ్డ మీద కనిపిస్తుంది. బఫరులోనూ ఈ రెండు గుణాలే ఉన్నాయి. 48,000 రేటులో 64 నమూనాల బఫరు పెడితే కంప్యూటరుకు దొరికే గడువు 1.33 మిల్లీసెకన్లు, 256 పెడితే 5.33, 1024 పెడితే 21.3. గడువు పెరిగిన కొద్దీ చిటపటలు పోతాయి, పాడేవారి గొంతు హెడ్‌ఫోనులో ఆలస్యంగా వినబడుతుంది. గాలిలో శబ్దం మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కనుక, 256 బఫరు వల్ల కలిగే ఒకవైపు ఆలస్యం, రెండు మీటర్ల లోపు కూర్చున్న తబలా చెవికి చేరే ఆలస్యంతో సమానం. దాన్ని ఏ గాయకుడూ ఎన్నడూ తప్పు పట్టలేదు. రానూ పోనూ కలిపి అది రెట్టింపుకు మించినా, గొంతు రికార్డు చేసే సమయంలో పెట్టె మీద ఉండే డైరెక్ట్ మానిటర్ మీట నొక్కితే, గొంతు కంప్యూటరు దాకా వెళ్లకుండానే నేరుగా హెడ్‌ఫోనుకు చేరుతుంది, బఫరు ఎంత పెద్దదైనా ఇబ్బంది ఉండదు. ఆ మీటతో పాటు సాఫ్ట్‌వేరులోని మానిటరింగునూ తెరిచి ఉంచి, గొంతు రెండుసార్లు వినిపించగానే పెట్టె ప్రతిధ్వని పుట్టిస్తున్నదని నింద వేయడం ఈ రంగంలో అతి సాధారణమైన అన్యాయం.

కంప్యూటరు శక్తిమంతమైనదనీ, టాస్క్ మేనేజరులో పని భారం ఐదో వంతుకు కూడా చేరలేదనీ, కనుక తప్పు కంప్యూటరుది కాజాలదనీ వాదించేవారు సగటుకూ గడువుకూ ఉన్న తేడాను మరచిపోతున్నారు. సెకను మొత్తంలో ఎంత పని జరిగిందో టాస్క్ మేనేజరు చెబుతుంది. ఐదు మిల్లీసెకన్ల గడువులో ఒక్కసారి తప్పిపోయిందా లేదా అన్నది చెప్పదు. విండోస్‌లో వైఫై, గ్రాఫిక్స్ వంటి పరికరాల డ్రైవర్లు తమ అత్యవసర పనిని వరుసలో ముందుకు తోసుకొనే ఏర్పాటు ఉంది, దాన్ని డీపీసీ అంటారు. ఒక డ్రైవరు ఆ వరుసను పట్టుకొని మూడు నాలుగు మిల్లీసెకన్లు వదలకపోతే ధ్వని పని ఆగి గడువు దాటిపోతుంది. లేటెన్సీమాన్ అనే చిన్న సాఫ్ట్‌వేరును పది నిమిషాలు నడిపితే ఆ డ్రైవరు పేరు సహా బయటపడుతుంది. వైఫై ఆపి చూడడం, విద్యుత్తు పొదుపు అమరికలో యూఎస్‌బీ పోర్టును నిద్రపుచ్చే సెలెక్టివ్ సస్పెండ్‌ను తీసివేయడం, ల్యాప్‌టాప్‌ను పూర్తి వేగపు అమరికలో ఉంచడం అనే మూడు పనులకు పైసా ఖర్చు లేదు. ఇవి చేయకుండా కొన్న కొత్త పెట్టె కూడా అదే వైఫై డ్రైవరు వెనుక వరుసలో నిలబడుతుంది.

డ్రైవరు విషయంలో మరో అపోహ ఉంది. స్నేహితుడి మాక్‌లో చక్కగా పనిచేసిన పెట్టె సొంత విండోస్ కంప్యూటరులో గుర్తింపునకే రాకపోతే, లేదా చిటపటలాడితే, అది నాసిరకమని తేల్చేస్తారు. యూఎస్‌బీ ధ్వని పరికరాల ఉమ్మడి ప్రమాణం మొదటి రూపం 1998లో వచ్చింది. దాని రెండో రూపానికి మాక్‌లో మద్దతు ముందే ఉన్నా, విండోస్‌లో సొంత డ్రైవరు 2017లో వచ్చిన విండోస్ 10 నవీకరణతోనే వచ్చింది. అంతకుముందరి విండోస్‌లో తయారీదారు ఇచ్చే డ్రైవరు లేనిదే అటువంటి పెట్టె పనిచేయదు. ఇక స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో రూపొందించిన ఏసియో అనే దారి విండోస్ సాధారణ ధ్వని పొరలను దాటి నేరుగా పెట్టెతో మాట్లాడుతుంది. రీపర్ వంటి సాఫ్ట్‌వేరులో ఆ దారిని ఎంచుకోకుండా పాత ఎంఎంఈ దారిలోనే వదిలేసి, ఆలస్యం భరించలేనంత ఉందని పెట్టెను తిట్టడం సరికాదు. ఆడాసిటీలో లైసెన్సు కారణాల వల్ల చాలాకాలం ఏసియో కలిపి ఇవ్వలేదు. అది లేని చోట వాసాపి అనే దారి ఎంచుకోవడమే మేలు. మైకు అసలు వినబడకపోతే విండోస్ గోప్యతా అమరికల్లో మైక్రోఫోను అనుమతి మూసి ఉన్నదేమో చూడడం మొదటి పని. తీగ చార్జింగుకు మాత్రమే పనికివచ్చే రకమైతే, అందులో సమాచారపు పోగులే ఉండవు కనుక, పెట్టె మీద దీపం వెలుగుతుంది, కంప్యూటరుకు మాత్రం పెట్టె కనిపించదు.

నమూనా రేటు పొరపాటు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 44,100 రేటులో పట్టిన పాటను 48,000గా నడిపితే అది వేగంగా నడవడమే కాక శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పెరుగుతుంది. పాడినవారు తమ శ్రుతే తప్పిందని కలత పడతారు. అలాగే యూఎస్‌బీ మైకునూ ఇంటర్ఫేసునూ ఒకేసారి వాడితే రెండింటి గడియారాలు వేరు. పది లక్షల్లో యాభై వంతుల తేడా ఉన్నా గంటకు 180 మిల్లీసెకన్లు పక్కకు జరుగుతుంది. గంటసేపు సాగే కులపురాణంలో కథకుడికీ వంతపాటకూ మధ్య ఆ జరుగుడు స్పష్టంగా వినిపిస్తుంది, ఎంత ఖరీదైన పరికరాలైనా రెండు గడియారాలు రెండు గడియారాలే.

ఇక గుయ్యిమనే రొద. మన దేశపు కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఆ 50, దాని రెట్టింపు 100, ఆపై గుణిజాలు తీగల్లో చేరినప్పుడు మంద్ర స్థాయిలో ఒక ఎడతెగని శ్రుతి వినిపిస్తుంది. మోటార్లు అన్నివైపులా నడిచే పేటలో ఈ రొదను మగ్గాల నుంచి గాలిలో వచ్చినదిగా భావించడం సహజమే, కానీ రొద వచ్చే దారిని ఒకే ఒక్క పరీక్ష తేలుస్తుంది: ల్యాప్‌టాప్ చార్జరును గోడ నుంచి ఊడదీసి బ్యాటరీ మీద రికార్డు చేయాలి. రొద ఆగితే అది గ్రౌండ్ లూప్, అంటే ఎర్తుకు రెండు దారులు ఏర్పడి వాటి మధ్య ప్రవహించే చిన్న విద్యుత్తు ధ్వని తీగలోకి చొరబడడం. స్పీకర్లు ఒక ప్లగ్గులో, ల్యాప్‌టాప్ మరో గదిలోని ప్లగ్గులో ఉన్నప్పుడు ఇది తరచుగా పుడుతుంది; రెండింటినీ ఒకే ప్లగ్గు పట్టీ నుంచి తీసుకోవడం, స్పీకర్లకు మూడు కొనల బ్యాలెన్స్‌డ్ తీగలు వాడడం దీనికి మందు. బ్యాలెన్స్‌డ్ తీగలో ఒకే ధ్వని రెండు పోగుల్లో ఎదురెదురు రూపాల్లో ప్రయాణిస్తుంది, దారిలో రెండింటిలో సమానంగా చేరిన రొద చివర తీసివేతలో రద్దవుతుంది. రొద పోవాలని ప్లగ్గు ఎర్తు పిన్ను విరిచేయడం మాత్రం ప్రాణాంతకం, ఏ సలహాదారు చెప్పినా వినకూడదు. ల్యాప్‌టాప్ లోహపు ఒంటిని తాకితే వేళ్లకు సన్నని జిల్లుదనం తగిలి, మైకు కడ్డీ పట్టుకోగానే రొద మారుతున్నదంటే, ఆ ఇంట్లో ఎర్తింగు సరిగా లేదనడానికి అది బలమైన సూచన. పిలవవలసింది కరెంటు పనివాడిని. ఎర్తింగు లేని ఇంట్లో లక్ష రూపాయల పెట్టె కూడా ఇదే రొదను మరింత శుభ్రంగా రికార్డు చేస్తుంది.

మగ్గాల చప్పుడు విషయంలో నిరాశావాదుల వాదనకు కొంత నిజం ఉంది, ఆ నిజాన్ని కొలవడం న్యాయం. మరమగ్గాల షెడ్డు లోపల చప్పుడు 90 డెసిబెళ్లను దాటుతుంది. ఆ షెడ్డులో కూర్చొని పాట రికార్డు చేయడం కుదరదు, దాన్ని ఎవరూ కోరడం లేదు. పక్కింటి షెడ్డు గోడ అవతల ఉన్నప్పటి ప్రశ్న వేరు. మైకుకు గొంతు దూరం సగానికి తగ్గిన ప్రతిసారీ గొంతు 6 డెసిబెళ్లు పెరుగుతుంది, దూరంగా ఉన్న మగ్గం చప్పుడు పెరగదు. 60 సెంటీమీటర్ల నుంచి 15కు దగ్గరైతే మగ్గం మీద గొంతుకు 12 డెసిబెళ్ల ఆధిక్యం ఉచితంగా దక్కుతుంది. ముందువైపు మాత్రమే బాగా వినే కార్డియాయిడ్ మైకు వీపును షెడ్డు గోడకు తిప్పితే ఇంకొంత తగ్గుతుంది. దూరపు చిన్న శబ్దాలను కూడా పట్టే కండెన్సర్ మైకును గది మధ్యలో నిలబెట్టి, పాడే మనిషిని చేతి పొడవు దూరంలో కూర్చోబెట్టి, గెయిన్ అనే వర్ధనాన్ని అంచుదాకా తిప్పి, వచ్చిన చప్పుడుకు పెట్టెను నిందించడం వల్ల ఇంతకాలం ఈ అపోహ బతికింది. 24 బిట్ల రికార్డింగులో కొలత పరిధి సిద్ధాంతరీత్యా 144 డెసిబెళ్లు. గొంతు శిఖరాలు పైఅంచుకు 12 నుంచి 18 డెసిబెళ్లు కిందనే ఉన్నా పోయేదేమీ లేదు, వర్ధనాన్ని అంచుదాకా తిప్పనక్కరలేదు.

గోడలకు చద్దర్లు వేలాడదీస్తే మగ్గం చప్పుడు ఆగుతుందనే నమ్మకమూ సరిదిద్దవలసినదే. గుడ్డ, గోడను దాటి వచ్చే శబ్దాన్ని ఆపలేదు. అది గది లోపల గొంతు గోడకు కొట్టుకొని తిరిగి రాకుండా మాత్రమే పీల్చుకుంటుంది. ఆ పని మాత్రం చాలా విలువైనది. సోలాపూర్ చద్దరును గోడకు అంటించకుండా జానెడు ఎడంగా, మడతలు పడేలా పాడే మనిషి వెనుక వేలాడదీస్తే మైకు ముందు గొంతు పొడిగా, దగ్గరగా వినిపిస్తుంది. మగ్గం అదురు నేల గుండా, స్టాండు గుండా మైకుకు చేరకుండా స్టాండు కింద నాలుగు మడతల టెర్రీ తువ్వాలు చాలు. స్త్రీల గొంతు మూలస్వరం సాధారణంగా 160 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది కనుక, సాఫ్ట్‌వేరులో 100 హెర్ట్జ్‌కు కింద కోత పెడితే గొంతు చెక్కుచెదరదు, 50 హెర్ట్జ్ రొద మాత్రం చాలా వరకు పోతుంది. ఇవన్నీ చేశాక కూడా అచ్చు దెబ్బ లయ వినిపిస్తే, షెడ్డువారిని అడిగి మగ్గాలు ఆగే వేళను ఎంచుకోవడం మిగిలింది. పేటలో ఎవరి మగ్గం ఎప్పుడు ఆగుతుందో తెలియని ఇల్లు ఉండదు.

ప్రతిపక్షం వాదనలో అన్నిటికంటే గట్టిది ఒకటుంది: పెట్టెలు నిజంగానే చెడిపోతాయి కదా అని. చెడిపోతాయి. యూఎస్‌బీ సాకెట్టు వదులవుతుంది, వర్ధనపు మీట తిప్పినప్పుడల్లా గరగరమంటుంది, కండెన్సర్ మైకుకు అవసరమైన 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తు ఒక చానెల్‌కు అందడం ఆగిపోతుంది. 60 డెసిబెళ్ల వర్ధనం కోరే కొన్ని డైనమిక్ మైకులకు కొన్ని పెట్టెల ప్రీఆంపు నిజంగానే చాలదు. రెండో తరం యూఎస్‌బీ పోర్టు ఇచ్చే 500 మిల్లీ ఆంపియర్లను సొంత విద్యుత్తు లేని హబ్బు ద్వారా మూడు పరికరాలు పంచుకున్నప్పుడు ఆకలితో తడబడే పెట్టెలూ ఉన్నాయి, అయితే ఆ తడబాటుకు హబ్బు తీసేస్తే చాలు. ఖండన ఈ లోపాల ఉనికి మీద కాదు, వాటిని ఊహించుకొనే క్రమం మీద. మగ్గాల షెడ్డులో గుడ్డ మీద చార పడితే మగ్గాలను సరిచేసే జాబర్ మగ్గాన్ని తీసి పారేయమనడు. ముందు పోగు చూస్తాడు, తర్వాత అచ్చు, తర్వాత పడుగు బిగువు, ఒక్కోటి మార్చి ఒక్కో గజం నేయించి చూస్తాడు, ఒకేసారి రెండు మార్చడు, ఎందుకంటే రెండు మార్చి లోపం పోతే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు. రికార్డింగు గొలుసులోనూ ఆ క్రమమే పనికివస్తుంది: ముందు తీగ, తర్వాత పోర్టు, తర్వాత బఫరు, తర్వాత డ్రైవరు, తర్వాత చార్జరు, ఆపైన మైకు. విండోస్‌ను మొత్తం చెరిపి మళ్లీ వేయడం ఒకేసారి అన్నిటినీ మార్చడమే కనుక దాని వల్ల లోపం పోయినా జ్ఞానం మిగలదు, వచ్చే నెలలో అదే వైఫై డ్రైవరు తిరిగి వచ్చినప్పుడు మళ్లీ చీకటే.

అన్నిటి తర్వాత పెట్టె వంతు వస్తుంది. దాని మైకు సాకెట్టులో ఏదీ పెట్టకుండా, వర్ధనాన్ని సున్నాకు తిప్పి ఒక నిమిషం రికార్డు చేసి వినాలి. పెట్టె అవుట్‌పుట్‌ను ఒక పొట్టి తీగతో దాని ఇన్‌పుట్‌కే కలిపి, తెలిసిన పాటను నడిపి, తిరిగి వచ్చినదాన్ని అసలుతో పోల్చాలి. ఆ తర్వాత అదే తీగతో, అదే పెట్టెను వేరొకరి కంప్యూటరుకు తగిలించి మళ్లీ వినాలి. రెండు కంప్యూటర్లలోనూ, బ్యాటరీ మీద కూడా, మంచి తీగతో కూడా అదే చోట అదే చిటపట వస్తే, అప్పుడు ఆ పెట్టెను దుకాణానికి తీసుకుపోవచ్చు, ఆ రికార్డింగును దుకాణంవాడికి వినిపించవచ్చు.